పేరు చివర, ఆకు ముందు: సిరొంచ అడవిలో చెట్లను గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న: మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో సైన్సు టీచరుగా పనిచేస్తున్నాను. నవంబరులో ఎనిమిదో తరగతి పిల్లలు 22 మందిని అడవికి నడిపించుకుపోయి, సహజంగా మన దగ్గరే పుట్టి పెరిగే చెట్లను చూపించాలని ఉంది. ఫోన్లో ఆప్ పెట్టి చూస్తే ఒకే చెట్టుకు ఇవాళ ఒక పేరు, రేపు ఇంకో పేరు చెబుతోంది. పిల్లలేమో కొందరు తెలుగు పేరు, కొందరు మరాఠీ పేరు, మాడియా (గోండు తెగ) పిల్లలు వాళ్ల పేరు చెబుతారు. ఏది ఇక్కడిది, ఏది బయటి నుంచి వచ్చింది అని తేల్చుకునేదెలా? ముట్టుకోకూడనివి ఏవి? ఎంత దూరం నడిపించాలి?

జవాబు: టీచరు గారూ, మీరు ఎంచుకున్న నెల చాలా మంచిది. వానలు తగ్గిపోతాయి, ఆకు ఇంకా కొమ్మ మీదే ఉంటుంది, చాలా చెట్లకు కాయ కూడా పట్టి ఉంటుంది. ఫిబ్రవరి దాటితే టేకు, మద్ది ఆకు రాల్చేస్తాయి. అప్పుడు బెరడు చూసి మాత్రమే చెట్టు పేరు చెప్పాలి. అది ఏళ్ల తరబడి అడవిలో తిరిగినవాళ్లకే సాధ్యం. పిల్లలకు మొదటిసారి చూపించాలంటే ఆకూ కాయా రెండూ దొరికే నవంబరు, డిసెంబరే సరైనవి.

ముందు ఆప్ సంగతి. ప్లాంట్‌నెట్ గానీ గూగుల్ లెన్స్ గానీ తప్పు చెప్పడానికి కారణం తరచుగా మనం తీసిన ఫొటోయే. ఈ ఆప్‌లకు నేర్పిన బొమ్మల్లో పువ్వులవి ఎక్కువ, బెరడువి తక్కువ. దూరం నుంచి చెట్టంతా పట్టేలా తీస్తే పచ్చటి గుంపు తప్ప వాటికి ఏమీ కనిపించదు. ఒక్కో చెట్టుకు అయిదు ఫొటోలు తీయించండి: చెట్టు మొత్తం, బెరడు దగ్గర నుంచి, కొమ్మ మీద ఆకులు ఎలా అమరాయో తెలిసేలా ఒకటి, ఆకు అడుగుభాగం, కాయ గానీ పువ్వు గానీ పక్కన స్కేలు పెట్టి. ఆకును తెల్ల కాగితం మీద పెట్టి తీస్తే ఇంకా మంచిది. అప్పుడు కూడా ఆప్ ఇచ్చే మొదటి పేరు తీసుకోవద్దు. అది చూపించే నాలుగైదు పేర్లలో ఏది మీరు కళ్లతో చూసిన గుర్తులకు సరిపోతుందో సరిపోల్చండి. అంటే గుర్తులు ముందే రాసుకుని ఉండాలి. ఆప్ తెరవడం ఆఖరి పని.

గుర్తులు ఏ వరసలో చూడాలన్నదే అసలు విషయం. పిల్లలు మొదట పువ్వు రంగు చూస్తారు, పెద్దవాళ్లు కాయ చూస్తారు. ఈ రెండూ ఏడాదిలో కొన్ని వారాలే ఉంటాయి. ఆకు అమరిక మాత్రం ఆకు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కాబట్టి మొదటి ప్రశ్న: ఆకులు జంటలుగా ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? టేకు, కొడిశపాల, అంకుడు, ముష్టి, చిల్ల ఎదురెదురు ఆకుల చెట్లు. ఇప్ప, సారపప్పు, నల్లజీడి అలా కావు. ఒక్క కణుపు చూసి తేల్చేయొద్దు, ఒకే కొమ్మ మీద కనీసం అయిదు కణుపులు చూడాలి. నల్లమద్ది ఇక్కడే మోసం చేస్తుంది. దాని ఆకులు కొన్ని చోట్ల సరిగ్గా ఎదురెదురుగా, కొన్ని చోట్ల కాస్త ఎడంగా, కొమ్మ చివర పూర్తిగా విడివిడిగా ఉంటాయి. అలా కనిపిస్తే 'దాదాపు ఎదురెదురు' అని రాయమనండి. అదీ ఒక గుర్తే.

రెండో ప్రశ్న: మన చేతిలో ఉన్నది ఆకా, ఆకులో ఒక ముక్కా? పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడ. వేగిస, రేల, మోదుగ లాంటి వాటిలో ఒకే కాడకు పట్టిన చిన్న రెక్కలన్నీ కలిస్తేనే ఒక ఆకు. తేల్చుకునే పద్ధతి సులువు. ఆకు కాడ కొమ్మకు తగిలే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. రెక్క మొదట్లో ఆ మొగ్గ ఉండదు. మొగ్గ దొరికే దాకా కిందికి వెళ్లి, అక్కడి నుంచి పైదంతా ఒక ఆకుగా లెక్క పెట్టాలి. ఉసిరి మాత్రం ఈ విషయంలో తిరకాసు పెడుతుంది. చింతాకులా కనిపించే దాని రెమ్మలో ప్రతి చిన్న ఆకూ విడి ఆకే, రెమ్మ మొత్తం రాలిపోతుంది కాబట్టి కళ్లు మోసపోతాయి. అందుకే ఉసిరి దగ్గర ఒకసారి ఆగి, ఆ రెమ్మ పక్కనే రేల ఆకు పెట్టి చూపించండి. పిల్లలకు ఈ పాఠం అక్కడే బాగా ఎక్కుతుంది.

మూడోది అంచు, అడుగుభాగం. అంచు నున్నగా ఉందా, రంపపు పళ్లలా ఉందా, అడుగున నూగు ఉందా, బూడిదరంగులో ఉందా, కాడకు దగ్గర చిన్న బుడిపెలు ఉన్నాయా? దీనికి 10 రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం ఒకటి చాలు. అయిదుగురికి ఒకటి ఉంటే ఇంకా మేలు. నాలుగోది బెరడు. అయిదోది కాయ, అది కింద రాలినా పరవాలేదు, కానీ అది ఆ చెట్టుదే అని ఖాయం చేసుకున్నాకే. పక్క చెట్టు కాయ గాలికి కొట్టుకొచ్చి ఈ చెట్టు కింద పడటం అడవిలో మామూలే.

ఈ వరసలో ఇంకో రెండు వలలు ఉన్నాయి. మొదటిది, నరికిన మొద్దు నుంచి లేచిన పిలకలు. వాటి ఆకు పెద్ద చెట్టు ఆకుకు రెండింతలు, మూడింతలు ఉంటుంది. బీడీ ఆకు కోసం తునికి పొదలను ఫిబ్రవరి, మార్చి నెలల్లో నరికి వదిలేస్తారు, ఏప్రిల్, మేలలో కొత్త చిగురు కోస్తారు. దారి పక్కన మీకు కనిపించే తునికి చాలావరకు ఈ పొదలే. దాని ఆకు చూసి లోపలి పెద్ద చెట్టును పోల్చుకోలేరు. టేకు పిలకలు కూడా అంతే. అందుకని కొలత ఎప్పుడూ పూర్తిగా పెరిగిన చెట్టు మీది ఎండ తగిలే కొమ్మ నుంచి తీసుకోవాలి. రెండోది బదనిక, అంటే వేరే చెట్టు కొమ్మ మీద బతికే పరాన్నజీవి మొక్క. ఇప్ప చెట్టు మీదా మామిడి మీదా దీన్ని తరచూ చూస్తాం. ఒకే చెట్టుకు రెండు రకాల ఆకులు కనిపిస్తే, కొమ్మ ఉబ్బి అతుక్కున్న చోటు వెతకండి, అక్కడ బదనిక వేళ్లూని ఉంటుంది. పైకొమ్మ నుంచి దుడ్డుకర్రతో రాల్చిన ఆకు బదనికదై, దాన్నే ఇప్పాకు అని నోటు బుక్కులో అంటించుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీ అడవి చెట్లకు వద్దాం. అన్నీ ఒక్కరోజులో చెప్పాలనుకోవద్దు. పన్నెండు చాలు, అవీ జంటలుగా. ఒకటి చూపించి, దాన్ని పోలిన రెండోది వెంటనే చూపిస్తే తేడా మనసులో నిలుస్తుంది.

టేకును అందరూ గుర్తుపడతారు, అయినా రుజువు చూపించండి. లేత ఆకును వేళ్ల మధ్య నలిపితే ఎర్రటి మరక అంటుతుంది. లేత కొమ్మ గుండ్రంగా కాక నాలుగు పలకలుగా ఉంటుంది. నవంబరులో గుత్తులుగా ఉబ్బిన కాగితపు బుడగల్లాంటివి కనిపిస్తాయి, కాయ వాటి లోపల ఉంటుంది. ఇక అది అడవి టేకా, నాటిన టేకా అన్న ప్రశ్న తప్పకుండా అడగాలి. వరసలుగా, ఒకే లావుతో, మధ్యలో ఇంకే చెట్టూ లేకుండా ఉంటే అది ప్లాంటేషను. వయసులో తేడాలుండి, మద్ది, వేగిస, చిరుమాను కలిసి ఉంటే సహజమైన అడవి. ఆలపల్లి దగ్గర 'గ్లోరీ ఆఫ్ ఆలపల్లి' పేరుతో దాదాపు 6 హెక్టార్ల పాత టేకు అడవిని కాపాడుతున్నారు, 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. వీలైతే ఇంకోసారి పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి. అక్కడి టేకు చూశాక ప్లాంటేషను టేకు వాళ్ల కంటికి వేరేగా కనిపిస్తుంది.

తర్వాత మద్దులు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి. నల్లమద్ది, ఏరుమద్ది, చిరుమాను మూడింటినీ కలిపి మద్ది అనేసేవాళ్లు ఉన్నారు. నల్లమద్ది బెరడు నల్లగా, లోతైన చీలికలతో పలకలు పలకలుగా, మొసలి వీపులా ఉంటుంది. మరాఠీలో దీన్ని ఐన్ అంటారు. ఆకు అడుగున, మధ్య ఈనెకు దగ్గరగా, మొదట్లో రెండు చిన్న బుడిపెలు భూతద్దంలో కనిపిస్తాయి. కాయకు అయిదు వెడల్పాటి రెక్కలు. రెక్కల మీది ఈనెలు అడ్డంగా తిన్నగా అంచు దాకా పోతాయి. ఏరుమద్ది పేరుకు తగ్గట్టే ప్రాణహిత ఒడ్డున, వాగుల పక్కన ఉంటుంది. బెరడు నున్నగా, బూడిద తెలుపులో, పెచ్చులుగా ఊడుతుంది. కాయకు కూడా అయిదు రెక్కలే, కానీ వాటి మీది ఈనెలు పైకి వంపు తిరిగి ఉంటాయి. రెండు ఎండు కాయలు పక్కపక్కన పెట్టి ఈ ఒక్క ఈనె తేడా చూపిస్తే పిల్లలు మళ్లీ మర్చిపోరు. చిరుమానుకు (మరాఠీలో ధావడా) బెరడు తెల్లగానే ఉంటుంది గానీ ఆకు చిన్నది, కాయలు చిన్న ఉండల్లా గుత్తిగా ఉంటాయి, చలికాలంలో రాలేముందు ఆకు ఎర్రబడుతుంది. వాగుకు దూరంగా, గుట్ట మీద రాతి నేలలో తెల్ల బోదె కనిపిస్తే అది ఏరుమద్ది కాదు, చిరుమానేమో చూడాలి. తునికి బెరడు కూడా నల్లగా చిన్న చిన్న పలకలుగానే ఉంటుంది. దాన్ని నల్లమద్దితో కలపకుండా ఉండాలంటే కాయ చూడండి. తునికి కాయకు తొడిమ దగ్గర ఎండిన రక్షకపత్రాలు టోపీలా అంటిపెట్టుకుని ఉంటాయి, రెక్కలుండవు.

పాలు కారే జంట: కొడిశపాల, అంకుడు. రెంటికీ ఎదురెదురు ఆకులు, రెంటికీ తెల్లటి పాలు, రెంటికీ జంట కాయలు. మరాఠీలో కూడా రెంటినీ కుడా అనే అంటారు: కొడిశపాల పాంఢరా కుడా, అంకుడు కాళా కుడా. తేడా కాయలో తెలుస్తుంది. అంకుడు జంట కాయలు లేతగా ఉన్నప్పుడు చివరలు అతుక్కుని ఉంటాయి. కొడిశపాల కాయలు రెండూ మొదటి నుంచి విడివిడిగా వేలాడతాయి, వాటి మీద తెల్లటి చుక్కలుంటాయి. ఎండిన కాయ పగిలితే ఇంకో తేడా ఉంది. గింజకు నూగు కుచ్చు ఏ కొనన ఉందో చూడాలి. అంకుడుకు ఒక కొనన, కొడిశపాలకు దానికి ఎదురు కొనన. రెండు కాయలనూ తొడిమ పైకి ఉండేలా పట్టుకుని విప్పితే వెంటనే తెలిసిపోతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే అని చెబితే పిల్లలకు ఆసక్తి పెరుగుతుంది.

పాలు కారే మూడో చెట్టు ఇప్ప. దాని ఆకులు ఎదురెదురుగా ఉండవు, కొమ్మ చివర గుత్తిగా ఉంటాయి. పాలున్నవన్నీ ఒకటి కాదని చెప్పడానికి మర్రి, జువ్వి కూడా చూపించవచ్చు. వాటికి కొమ్మ చుట్టూ ప్రతి కణుపు దగ్గరా ఉంగరం లాంటి గీత ఉంటుంది, ఇప్పకు ఉండదు.

మూడు రెక్కల ఆకులతో జాగ్రత్త. మోదుగ (మరాఠీలో పళస్) చెట్టుగా ఉంటుంది, అవే ఆకులతో చెట్ల మీదికి పాకేది తీగమోదుగ. మారేడుకు ముళ్లుంటాయి, ఆకు నలిపితే ఘాటైన వాసన. మూడు రెక్కల ఆకులతోనే పొదల మీద పాకే ఇంకో తీగ దురదగొండి. నవంబరు నాటికి దాని కాయలు తయారవుతుంటాయి. బంగారు గోధుమ రంగు నూగుతో కప్పిన, కాస్త వంకర తిరిగిన కాయలు. ఆ నూగు గాలికి కూడా రాలుతుంది. ఒంటికి తగిలితే గీరుకోకూడదు, గీరితే నూగు ఇంకా లోపలికి దిగి, పక్కలకు పాకుతుంది. వెడల్పాటి అంటుడు టేపు చర్మం మీద వేసి లాగి నూగు తీయండి, నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొత్త టేపుతో. తర్వాత సబ్బుతో కడగాలి, బట్టలు మార్చాలి. టేపు చుట్ట ఒకటి మీ సంచిలో తప్పకుండా ఉండాలి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అయిదు నుంచి ఏడు రెక్కల ఆకులున్నవి రెండు: వేగిస, ఇరుగుడు. నవంబరు నుంచి కాయలు వస్తాయి కాబట్టి కష్టం లేదు. వేగిస కాయ గుండ్రంగా, చుట్టూ పలచటి రెక్కతో బిళ్లలా ఉంటుంది. ఇరుగుడు కాయ పొడుగ్గా పలచగా ఉంటుంది. వేగిస మానుకు పాత గాటు ఏదైనా ఉంటే అక్కడ ఎర్రటి బంక గడ్డకట్టి కనిపిస్తుంది. ఆ ఎరుపు చూపించడానికి కొత్తగా గాటు పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు. ఉన్న గాయాన్నే వెతకండి.

ఇక మీరు భయపడాల్సిన చెట్టు నల్లజీడి. పామూ తేలూ గురించి అందరూ చెబుతారు, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆకులు పెద్దవి, 20 నుంచి 50 సెంటీమీటర్ల దాకా, చివర వెడల్పుగా గుండ్రంగా, అడుగున పాలిపోయిన బూడిదరంగు, కొమ్మ చివర గుత్తిగా. చలికాలంలో నారింజ రంగు గుజ్జు మీద నల్లటి గింజ కూర్చుని ఉంటుంది, చూడగానే జీడిమామిడి గుర్తొస్తుంది, రెండూ ఒకే కుటుంబం. దీని జిగురు తగిలిన చోట గంటల్లోనో మర్నాడో బొబ్బలెక్కుతుంది. కాల్చినప్పుడు వచ్చే పొగ కూడా హానికరమే. ఇదే కుటుంబంలోని సారపప్పు చెట్టు ఆకు కూడా చివర గుండ్రంగా, మందంగానే ఉంటుంది గానీ చిన్నది, బెరడు నల్లగా పలకలుగా ఉంటుంది. సారపప్పు అనుకుని నల్లజీడి కొమ్మ విరిచే ప్రమాదం ఉంది. అందుకని కొమ్మ విరిచి పాలు, జిగురు చూసే పరీక్ష పిల్లలు చేయకూడదు. అది మీరు చేయాలి, అదీ మీకు తెలిసిన చెట్టు మీదే. జిగురు తగిలితే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగాలి, ఆ చేత్తో ముఖం ముట్టుకోకుండా చూడాలి. బొబ్బలు వస్తే డాక్టరు దగ్గరికి.

మరాఠీ మాట్లాడే పిల్లలతో ఇక్కడ ఇంకో చిక్కుంది. నల్లజీడిని బిబ్బా అంటారు, వేగిసను బిబ్లా అంటారు. వినేటప్పుడు రెండూ ఒకటే అనిపిస్తాయి. 'బిబ్బా ముట్టుకోకు' అని ఒకరు అరిస్తే ఇంకొకరు వేగిస నుంచి దూరం జరిగి నల్లజీడి కిందికి వెళ్లొచ్చు. ఈ రెండు చెట్లనూ మొదటి అరగంటలోనే చూపించి, వేలెత్తి చూపుతూ పేర్లు చెప్పించండి.

ముష్టి, చిల్ల. రెండూ ఒకే ప్రజాతి. ఎదురెదురు ఆకులు, మొదటి నుంచే విడిపోయే మూడు లేదా అయిదు ఈనెలు, రెంటికీ ఉమ్మడి గుర్తులు. ముష్టి కాయ నారింజ పండంత, నున్నగా మెరుస్తూ, పండితే నారింజ రంగులోకి వస్తుంది. లోపలి గింజలు చదునైన బిళ్లలు, వాటి మీద పట్టులాంటి నూగు. గింజలో స్ట్రిక్నీన్ అనే విషం ఉంది, అది ఫిట్స్ తెప్పించి ప్రాణం తీస్తుంది. చిల్ల కాయ చిన్నది, రేగుపండంత, పండితే నల్లబడుతుంది. బురద నీళ్లు తేటపరచడానికి కుండ లోపల అరగదీసేది ఈ చిల్లగింజనే. రేగు ఆకుకూ మొదట్లో మూడు ఈనెలే ఉంటాయి, కానీ ఆకులు ఎదురెదురుగా ఉండవు, ముళ్లుంటాయి. రాలిన ముష్టి పండు గుజ్జును కోతులు తిన్న గుర్తులు కనిపిస్తే 'కోతులు తింటున్నాయి కదా' అని పిల్లలు అంటారు. కోతి గింజను కొరకదు, పిల్లవాడు కొరుకుతాడు. ఈ మాట ముందే చెప్పండి.

ఇలాగే గురివింద గింజలు, అడవి ఆముదం (నేపాళం) గింజలు. రెండోది మన అడవి మొక్క కాదు, కంచెగా నాటేది. బడుల దగ్గర పిల్లలు వేరుశెనగలాంటి గింజ అనుకుని తిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యేది ఎక్కువగా దీనివల్లే. రూలు ఒక్కటే పెట్టండి: ఆ రోజు అడవిలో దొరికింది ఏదీ నోట్లో పెట్టకూడదు, ఉసిరికాయ కూడా. ఉసిరికి మినహాయింపు ఇస్తే తర్వాత దేనికి ఇవ్వకూడదో చెప్పలేరు. ఎవరైనా గింజ మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. ఆ గింజ, ఆకు ఒక సంచిలో వేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ముష్టి అనుమానం ఉంటే లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు.

ఏది ఇక్కడిది, ఏది బయటిది? ఈ ప్రశ్నకు జవాబు ఆకు చూసి తెలియదు. ముందు మొక్క పేరు ఖాయం కావాలి, ఆ తర్వాతే దాని పుట్టుక. శాస్త్రీయ నామం తెలిశాక, లండన్‌లోని క్యూ ఉద్యానం వాళ్ల 'ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్' వెబ్‌సైటులో ఆ పేరు కొట్టండి. పటంలో సహజంగా పుట్టిన ప్రాంతాలు ఆకుపచ్చగా, మనుషులు తెచ్చిపెట్టిన ప్రాంతాలు ఊదారంగులో కనిపిస్తాయి. ఉచితంగానే చూడొచ్చు. బడికి తిరిగొచ్చాక పిల్లలతోనే చేయించదగ్గ పని ఇది.

అడవిలో ఉండగానే అనుమానించడానికి ఒక ఆధారం ఉంది, మొక్క ఎక్కడ పెరుగుతోందన్నది. రోడ్డు అంచు, పశువుల దారి, కాలిన నేల, పాత క్యాంపు చోటు, ఇలా నేల చెదిరిన చోటే గుంపుగా ఉండి, అడవి లోపలికి వెళ్లేకొద్దీ తగ్గిపోతే అది బయటి నుంచి వచ్చినదయ్యే అవకాశం ఎక్కువ. లంటానా 19వ శతాబ్దం మొదట్లో అందం కోసం తెచ్చిన అమెరికా మొక్క. వయ్యారిభామను మన దేశంలో మొదట గమనించింది మహారాష్ట్రలోనే, 1955లో పుణేలో. దారి వెంట నడుము ఎత్తున గుబురుగా పెరిగి, ఆకు నలిపితే తులసిలా ఘాటుగా ఉండే శీర్ణతులసి కూడా అమెరికా నుంచి వచ్చిందే. సర్కారు తుమ్మ, సుబాబుల్ అటువే. నీలగిరి ఆస్ట్రేలియాది, గుల్‌మొహర్ మడగాస్కర్‌ది. సీతాఫలం మాత్రం పెద్దవాళ్లను కూడా ఆశ్చర్యపరుస్తుంది. గుట్టల మీద తనంతట తానే మొలుస్తుంది, పేరు కూడా మనదే, అయినా పుట్టుక అమెరికా. చింతచెట్టు ఆఫ్రికాది. పాత చింత ఎక్కడ కనిపించినా దగ్గర్లో ఒకప్పుడు ఊరు ఉండి ఉంటుందా అని పిల్లలను వెతకమనండి. బయటిది అనగానే చెడ్డది అని మాత్రం చెప్పొద్దు. సీతాఫలం వల్ల ఎన్నో ఇళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి, లంటానా వల్ల పశువులకు మేత కరువవుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

పేర్ల గురించి. నోటు బుక్కులో నాలుగు గళ్లు గీయించండి: తెలుగు, మరాఠీ, మాడియా లేదా గోండి, శాస్త్రీయ నామం. మొదటి మూడింటిలో ఏదీ తప్పు కాదు, ఏదీ చెరపొద్దు. మాడియా పిల్లవాడు చెప్పిన పేరు, ఎవరి ఇంట్లో అలా అంటారో కూడా పక్కన రాయించండి, ఊరు మారితే పేరు మారుతుంది. పేరుతో పాటు ఆ చెట్టును దేనికి వాడతారో అడగమనండి. బీడీకి, విస్తరికి, మందుకు, పనిముట్టుకు అని వాడకం తెలిస్తే రెండు పేర్లు ఒకే చెట్టువా కాదా అన్నది చాలాసార్లు తేలిపోతుంది. ఏ ఊరి దగ్గర నడుస్తారో ఆ ఊరిలో ఇప్పపువ్వు, తునికాకు ఏరే ఒక పెద్దమ్మనో పెద్దాయననో వెంట రమ్మని అడగండి. వాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వడం న్యాయం. వాళ్లు చెట్టును దూరం నుంచే పోల్చుకుంటారు. ఎలా పోల్చారని అడిగి రాసుకోండి, అది ఏ ఆప్‌లోనూ దొరకదు.

దూరం ఎక్కువ వద్దు. మూడు గంటల్లో కిలోమీటరున్నర చాలు. ఉదయం 8 గంటలకు మొదలుపెట్టి 11కి బయటికి వచ్చేయండి. 22 మందిని ఒకే గుంపుగా నడిపిస్తే వెనకున్నవాళ్లు ఏమీ చూడలేరు. 11 మంది చొప్పున రెండు జట్లు, ఒక్కో జట్టుకు ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద. మీ జిల్లా అడవుల్లో పులి, ఎలుగుబంటి ఉన్నాయి కాబట్టి ఫారెస్టు గార్డు లేకుండా వెళ్లొద్దు. రిజర్వు ఫారెస్టు అయితే రేంజి ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆ అడవి మీద గ్రామసభకు సామూహిక అటవీ హక్కులు ఉంటే గ్రామసభను కూడా అడగాలి. అభయారణ్యంలో అయితే అనుమతి లేకుండా కొమ్మ తుంచడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అక్కడ ఫొటోలతోనే సరిపెట్టుకోండి.

ఒకరోజు ముందు మీరు గార్డుతో కలిసి అదే దారిలో నడిచి పన్నెండు చెట్లు ఎంచి, ఒక్కోదానికి నంబరు రాసిన గుడ్డ పీలిక కట్టి రండి. మేకులు కొట్టొద్దు. తిరిగొచ్చేటప్పుడు పీలికలు విప్పేయాలి. పిల్లలు నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, బూట్లు వేసుకోవాలి. ఈ కాలంలో గడ్డి గింజల ముళ్లు మేజోళ్లకు గుచ్చుకుంటాయి కాబట్టి ప్యాంటు అంచు మేజోళ్ల పైకి రావాలి. పెన్ను కాదు, పెన్సిలు. తడి తగిలితే పెన్ను రాత కారిపోతుంది. 30 సెంటీమీటర్ల స్కేలు, భూతద్దం, పాత వార్తాపత్రికలు, రెండు అట్టలు, సబ్బు, టేపు, మనిషికి లీటరు నీళ్లు.

అనుమతి ఉన్న చోట చెట్టుకు ఒక చిన్న రెమ్మ, అదీ మీ చేత్తో కోసి, వార్తాపత్రిక మడతలో ఒక ఆకు పైకి, ఒక ఆకు అడుగుభాగం కనిపించేలా పరిచి, అట్టల మధ్య బిగించండి. మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. మార్చకపోతే ఆకు నల్లబడి బూజు పడుతుంది. ప్రతి కాగితం మీద తేదీ, ఊరు, చెట్టు నంబరు, బెరడు ఎలా ఉందో, పాలు ఉన్నాయో లేదో అక్కడికక్కడే రాయాలి. ఎండాక ఆకులో ఈ రెండూ కనిపించవు. ఎంత చూసినా తేలని చెట్లు ఒకటో రెండో మిగులుతాయి. వాటికి ఊహించి పేరు పెట్టకుండా, ఆ రెమ్మనూ అయిదు ఫొటోలనూ దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం వాళ్లకు చూపించండి. వాళ్లకూ తేలకపోతే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా పశ్చిమ ప్రాంతీయ కేంద్రం పుణేలో, దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉన్నాయి. ఉత్తరంతో పాటు కాయ ఉన్న రెమ్మ పంపితే పేరు తేలే అవకాశం ఎక్కువ, ఉత్త ఆకు పంపితే చాలా తక్కువ.